గవ్వకు నిన్నటి సంగతి తెలియదు

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను చెబితే దోమ కూడా పావురమంత అవుతుంది. ఉప్పల్ చౌరస్తాలో సిగ్నల్ పడితే, ఎరుపు పచ్చగా మారేలోపు నాకు గడ్డం పెరిగి నెరిసిపోతుంది. కాబట్టి కింద ఉన్నదాన్ని కాస్త తరుగు తీసి చదువుకోండి. పూర్తిగా కల్పించింది ఏదో చివర్లో నేనే చెబుతాను.

మాది పాత నాచారం. అన్నకూ నాకూ ఒకే పందిట్లో పెళ్లయింది. ఇద్దరు కోడళ్లూ ఒకే రోజు గడప దాటడంతో, బోనాల పండుగకు ఎవరి బోనం ముందు నడవాలన్న తగువు పుట్టింది. మా అమ్మ తన పచ్చీసు ఆట సంచిలోంచి ఒక గవ్వ తీసి తీర్పు చెప్పింది. ఏటా పండుగ పొద్దున గవ్వ వేయాలి. వెల్లకిల పడితే వదిన బోనం ముందు, బోర్లా పడితే నా భార్యది. సుప్రీంకోర్టు తీర్పుకైనా పునఃపరిశీలన ఉంటుందేమో, ఆ గవ్వకు లేదు.

పదిహేనేళ్లలో నా భార్య ముందు నడిచింది నాలుగే సార్లు. మొదట్లో నవ్వేసేది. తర్వాత పాపకు జ్వరం వచ్చినా, హబ్సిగూడ దగ్గర నా బండి జారినా ఆమెకు గవ్వే గుర్తొచ్చేది. పోయినేడు మళ్లీ వెల్లకిలే పడింది. ఆ సాయంత్రం తలమీది చుట్టగుడ్డ విప్పుతూ అంది: "అమ్మోరికి నా చేతి బోనం ఇష్టం లేదయ్యా. వచ్చే యేడు నుంచి నేను ఎత్తనే ఎత్త."

ఆ మాటకు నాచారం ఫ్యాక్టరీల సైరన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

చలికాలంలో, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి లెక్కల ప్రాజెక్టు ఇచ్చారు. ప్రాయోగిక సంభావ్యత. ఏదైనా ఒక వస్తువును మళ్లీ మళ్లీ వేసి, మొత్తంలో ఎన్నోవంతు ఎటు పడుతుందో చూడాలి.

"రూపాయి బిళ్ల అందరూ ఎగరేస్తరు డాడీ. నేను నాయనమ్మ గవ్వ ఏస్త."

"అమ్మోరి గవ్వతోని ఆటలేందే?" అంది నా భార్య. అంటూనే వచ్చి పక్కన కూర్చుంది.

వేయిసార్లు వేశాం. నేను వేసినప్పుడల్లా గవ్వ ఘట్‌కేసర్ దాకా ఎగిరి, రైలెక్కి తిరిగొచ్చేది. మొదటి పదిలో సరిగ్గా అయిదు వెల్లకిల, అయిదు బోర్లా. నా భార్య ముఖం వాడిపోయింది. "సూసిన్రా? గవ్వల ఏం తప్పు లేదు."

"ఆగు మమ్మీ, పదికే ఏం తెలుస్తది?"

అమ్మాయి గ్రాఫు కాగితం మీద గీస్తున్న గీత, తవ్వేసిన రోడ్డు మీద ఆటోలా ఎగిరెగిరి పడింది. వందలు దాటుతుంటే కుదుపులు తగ్గాయి. చివరికి పదికి ఏడు వెల్లకిల అన్నచోట మెట్రో పట్టాలా చదునుగా సాగింది. ఇది మాత్రం తరుగు తీయకుండా చదవండి. గవ్వకు మెదడు లేదు. కిందటిసారి ఎలా పడిందో గుర్తుండదు. ఈసారి ఎలా పడుతుందో మాలో ఎవరికీ తెలియదు. అయినా అన్ని తెలియనివి కలిసి ఇంత నిలకడైన గీత ఎలా అయ్యాయి? గుడిలో కూడా నేనంత కుదురుగా కూర్చోలేదు.

అమ్మాయి వేళ్ల మీద లెక్కేసింది. "మమ్మీ, పదిహేనేండ్లల్ల నీకు నాలుగో అయిదో రావాలె. నాలుగొచ్చినయ్ గదా!"

నా భార్య గవ్వను అరచేతిలో పెట్టుకుని దాని వీపు నిమిరింది.

ఈ ఆషాఢంలో ఆమె బోనం కుండకు పసుపు రాసింది. గ్రాఫు చూసిన వదిన తనంతట తనే అంది: "చెల్లె, ఈసారి వెల్లకిల నువ్వు తీస్కో. ఇన్నేండ్లు మంచిది నేనే తీస్కున్న." మా అమ్మ మూతి ముడిచింది గానీ గవ్వ వేసింది. నేను పండితుడిలా చేతులు కట్టుకుని, చిరునవ్వుతో చూస్తున్నాను.

బోర్లా పడింది. మళ్లీ వదినదే ముందు.

వాకిలంతా బిగుసుకుపోయింది. వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా భార్య గవ్వ వంక చూసి, పక్కుమని నవ్వింది.

"పదిట్ల మూడుసార్లు గిట్లనే పడ్తది అక్కా! అమ్మోరికి కోపమైతే కాదు. నడువు, నీ ఎనకనే నేనొస్త."

బోనం ఎత్తుకుని వదిన వెనకే నడిచింది.

ఇక నేను కల్పించింది: ఆ చేతులు కట్టుకోవడం, ఆ చిరునవ్వు. నిజానికి నేను తలుపు వెనక నక్కి, కళ్లు గట్టిగా మూసుకుని, "ఈ ఒక్కసారి వెల్లకిల పడు తల్లీ" అని మొక్కుకుంటున్నాను. మొక్కింది అమ్మవారికో గవ్వకో నాకే తెలియదు.