నాలుగో అంతస్తు పిన్నిగారు

మొన్న కూరలు కొనుక్కుని వచ్చేసరికి మా అపార్ట్‌మెంటులో లిఫ్టుకు సర్వీసింగు జరుగుతోంది, గంట ఆగమన్నారు. మెట్లెక్కే ఓపిక లేక సంచీ పక్కన పెట్టుకుని పార్కింగులో కూలబడ్డానే గాని, మనసు మాత్రం పటమటలో మేము మొదట కొనుక్కున్న పాత అపార్ట్‌మెంటుకు వెళ్లిపోయింది.

అప్పట్లో నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పిల్లల్ని అదుపులో పెట్టే మనిషినన్న నమ్మకంతో కాబోలు, పన్నెండు ఇళ్లవాళ్లూ కలిసి నన్ను అసోసియేషన్ సెక్రటరీని చేశారు. క్లాసు మొత్తం చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేదాన్ని, ఆ పన్నెండు ఇళ్లనూ ఒక్క మాట మీదికి తేలేకపోతానని అప్పుడు తెలియదు.

ఆ ఏడు వానాకాలంలో లిఫ్టు మోటారు కాలిపోయింది. నిధిలో ఉన్నది వాచ్‌మన్ జీతానికే బొటాబొటి గనుక, తలా ఇంత వేసుకుందామని మీటింగు పెట్టాను. కంకిపాడు వైపు వ్యవసాయం మానుకుని వచ్చి కింది ఫ్లాటులో ఉంటున్న బాబాయిగారు ముందే తేల్చేశారు.

"మేం లిఫ్టు ఎక్కేదెప్పుడండీ టీచరుగారూ? మొన్న వానకి డ్రైనేజీ నీళ్లు మా హాల్లోకొచ్చేస్తే పైవాళ్లెవరన్నా రూపాయి తీశారా?"

తీయలేదు. రెండో అంతస్తులో ఉన్న నేనూ తీయలేదు. ఆయన కాదనేసరికి మిగతావాళ్లకూ ధైర్యం వచ్చింది. అద్దెకున్నవాళ్లు ఓనర్లను అడగమన్నారు, ఓనర్లు వాడుకునేది వాళ్లేగా, వాళ్లనే అడగమన్నారు. మూడు నెలలు గడపగడపకూ తిరిగి, ప్రతి గడపలోనూ కాఫీ తాగి, వట్టి చేతులతో వచ్చాను.

నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే పిన్నిగారికి మోకాళ్లు పూర్తిగా పోయాయి. ఆ మూడు నెలలూ ఆవిడ మెట్లు దిగి కిందికి రాలేదు. ఎప్పుడు వెళ్లినా, "నా కోసమని ఎవర్నీ అడక్కమ్మా, చిన్నబోతాను" అనేవారు. అంతలో ఒక ఉదయం, అవనిగడ్డలో ఆవిడ చెల్లెలికి పక్షవాతం వచ్చిందని కబురొచ్చింది.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది కింది బాబాయిగారే. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా తన తువ్వాలుతో కట్టి, మరో ముగ్గురిని పిలిచి తానే ముందు పట్టారు. సిగ్గుతో కళ్లు మూసుకున్న పిన్నిగారు, "బస్తాని దింపినట్టు దింపుతున్నారు నాయనా" అంటే, "ధాన్యం బస్తా మీకంటే బరువండీ" అని నవ్వించారు. ఆటో డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు.

ఆయన మనసు కరిగిందనుకుని, ఆటో వెళ్లగానే మళ్లీ అడిగాను.

"మనిషిని మొయ్యమంటే ఎన్నిసార్లయినా మోస్తానండీ. లిఫ్టుకి మాత్రం ఇవ్వను. అది వేరు, ఇది వేరు" అన్నారు, చెమట తుడుచుకుంటూ.

చెల్లెలు కోలుకున్నా పిన్నిగారు తిరిగి రాలేదు. ప్రతిసారీ నలుగురి చేత మోయించుకుని ఎలా బతకనని ఫోనులో అన్నారు. ఉన్న ఆ ఒక్క ఇల్లూ అమ్మకానికి పెట్టారు. చూడవచ్చిన బ్రోకరు, లిఫ్టు ఆడని అపార్ట్‌మెంటులో ఏ ఫ్లాటుకూ రేటు పలకదని నలుగురూ వినేలా అని వెళ్లాడు. వారం తిరక్కుండా అన్ని ఇళ్లనుంచీ డబ్బు వచ్చింది. బాబాయిగారు తన వంతు నా చేతిలో పెడుతూ తలెత్తలేదు. కొత్త మోటారు మీద లిఫ్టు నాలుగో అంతస్తుకు వెళ్లిన నాడు, అక్కడ దిగవలసిన మనిషి లేదు.

ఇప్పుడు మేముంటున్న చోట ఏ రిపేరుకైనా ఫోనులో మెసేజి వస్తుంది, మధ్యాహ్నానికల్లా అందరూ కట్టేస్తారు, మీటింగులూ లేవు, మాట పట్టింపులూ లేవు. అంత సులువైన పనికి అప్పుడు నేనింకేం చేసి ఉండవలసిందో నాకీనాటికీ తోచదు. అయితే ఈ బిల్డింగులో నా పైన ఎవరుంటున్నారో నాకు తెలియదు. నేను మెట్ల మీద ఆగిపోతే ఎవరి తలుపు తట్టాలో కూడా తెలియదు.