అట్ట మీద అన్నయ్య పేరు

అన్నయ్య వాళ్ల రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ సీడీగా వచ్చిన రోజు ఇంట్లో అందరూ మురిసిపోయారు, నేను తప్ప. నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం ఎక్కువ. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనుకునే రకాన్ని. నాగపూర్‌లో రికార్డింగు ముగించుకుని వచ్చాక అన్నయ్య ఆ ఊసే ఎత్తలేదు. గొప్పలు చెప్పుకోవడంలో మా స్టీల్ ప్లాంటు కాలనీ సెక్టార్‌లో వాణ్ణి మించినవాడు లేడు. మరి ఈ మౌనం దేనికి?

అట్ట మీద డ్రమ్స్ అన్నచోట వాడి పేరుంది. అమ్మ దాన్ని వేలితో తడిమి తడిమి చూసుకుంది. విజయనగరంలో ఉన్న పిన్నికి ఒకటి పంపుదామంది. అన్నయ్య వినిపించుకోనట్టు చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మాకు సీడీ ప్లేయర్ లేదు. నెహ్రూ నగర్‌లో కాంట్రాక్టులు చేసే మావయ్యను అడిగి తెచ్చాను. అన్నయ్య తిరిగొచ్చి దాన్ని చూడగానే ముఖం మాడ్చుకున్నాడు.

"బాద్ మే, తర్వాతెపుడో వినొచ్చులే. తొందరేటి?"

నా అనుమానం రెట్టింపయింది. వెంటనే పెట్టేశాను.

గోడలదిరేలా మోగాయి డ్రమ్స్. నాన్నకు స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టులు. పగలు ఆయన పడుకుంటే అమ్మ కుక్కర్ కూడా పెట్టేది కాదు. పక్క గదిలో అన్నయ్య డ్రమ్ముల మీద తువ్వాళ్లు పరిచి సాధన చేసేవాడు. ఏళ్ల తరబడి ఆ మెత్తటి చప్పుడు విన్నదాన్ని, ఈ మోత వాడిదంటే ఎలా నమ్ముతాను?

"ఇది నువ్వు కాదు," అన్నాను.

"నీకేటి తెల్సే, చుప్ ఉండు."

పక్కనే కూర్చుని వింటున్న నాన్న లేచి ప్లేయర్ ఆపేశారు. "నిజం చెప్పు. నువ్వేనా?"

అన్నయ్య సీడీ అట్టను బోర్లించాడు. "కాదు నాన్నా. నా చెయ్యి మరీ మెత్తనంట. గట్టిగా కొట్టమన్నారు. కొట్టినాను గానీ, అలవాటు లేక తాళం తప్పిపోయీది. ఆకరికి వేరేవోడి చేత వాయించీసినారు. పేరొక్కటి నాది ఉంచినారు."

దొంగ దొరికాడని సంబరపడాల్సినదాన్ని. కానీ అసలెందుకు నోరెత్తానా అనిపించింది.

నాన్న కుర్చీలో కూలబడ్డారు. "నా నిద్దర కోసవే గదరా ఇదంతాను. ఒక్కమాటు చెప్తే నాను ఇంకెక్కడైనా తొంగునేవోణ్ణి గదా."

"నిద్దర్లేక నువ్వు ఫర్నేస్ కాడ తూలిపడితే," అన్నాడు అన్నయ్య, "నాను ఏటి వాయించుకుంటాను నాన్నా?"