పొడిగా బిగించాలి

మా బావ చెయ్యి పడితే ఏ ఇంజనైనా మాట వింటుందని షెడ్డంతా అనేవాళ్లు. శిక్షణ విమానాలు బాగుచేసే ఆ షెడ్డులో ఆయన ఇరవై ఆరేళ్లుగా మెకానిక్కు, నేను స్టోరు చూసేవాణ్ణి. అక్క మొగుడు కదా, ఆయన్ని ఎవరైనా ఒక్క మాటంటే నాకు ఒళ్లు మండేది.

ఆయనకి ఒక్కటే పిచ్చి. ఇంజను గాలి పీల్చే గొట్టం అతుకు లీకవకుండా పెట్టే పట్టీ, అదే గాస్కెట్, వేసేటప్పుడు పొడిగా బిగించాలి, సీలెంట్ జిగురు వాడకూడదు అని కంపెనీ పుస్తకంలో ఉంది. బావ మాత్రం రెండువైపులా సన్నగా సిలికాన్ జిగురు రాసేవాడు. కొత్తలో ఒక గాస్కెట్ లీకై అందరి ముందూ చీవాట్లు తిన్నాడట. "ఓ పొర ఎక్కువుంటే నీ సొమ్మేం పోయిందిరా?" అనేవాడు. నోరు మూసుకుని ట్యూబు ఇచ్చింది నేనే. ఆ సంగతి దాచను.

మొన్న వేసవిలో ఒక విమానం ఎగిరిన నాలుగు నిమిషాలకే ఇంజను ఆగి పొలంలో కూలింది. నేర్చుకుంటున్న అమ్మాయి చిన్న గాయాలతో బయటపడింది. నేర్పే మాస్టారికి నడుం విరిగింది. బావా ఆయనా పదేళ్లుగా ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నవాళ్లు.

కబురు విని బావ ఏడవలేదు. చేతులు కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు. "బిగిస్తే సిలికాన్ లోపలికి ఉబుకుతుంది. పెట్రోలు తగిలి మెత్తబడి, ఊడి గాలికి అడ్డుపడుంటుంది" అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

మర్నాడు పొద్దున్నే ఇంకో మూడు విమానాలు ఎగరాలి. వాటికీ గాస్కెట్లు వేసింది బావే. వెళ్లి షెడ్డు ఆఫీసరుకి చెప్పేశాడు.

"విచారణవాళ్లు తేలుస్తారుగా. నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటావేంటయ్యా?"

"అవి ఎగరకూడదు సార్."

అంతే, స్పానర్ అందుకున్నాడు. ఆపుదామని నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకోను కూడా లేదు, అలాగే బోల్టులు విప్పాడు. మూడోదాంట్లో వేలెడు సిలికాన్ ముక్క సగం తెగి గొట్టంలోకి వేలాడుతోంది. ఆఫీసరు చూసి విమానాలన్నీ నిలిపేశాడు. సాయంత్రానికి బావని పనిలోంచి తీసేశాడు. ఆ ఆఫీసరు మీద నాకింకా కోపమే, కానీ ఏమని తిట్టను?

ఆదివారం బావని ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. మాస్టారు మంచం మీద వెల్లకిలా ఉన్నాడు.

"ఇంజను ఎందుకాగిందో తెలిసిందా అన్నా?"

"నావల్లే. పుస్తకం వద్దంది, నేను రాశాను."

"మంచికే చేశాడు కదండీ" అని నేను అడ్డం పడబోతే, "నువ్వుండరా" అన్నాడు బావ. లేచి, దుప్పటి ఎత్తి, మాస్టారి పాదం పట్టుకున్నాడు.

"తెలుస్తోందా?"

"లేదు."

చెయ్యి కాస్త పైకి జరిపాడు. "ఇక్కడ?"

"లేదన్నా."

మోకాలి దాకా అలా అడుగుతూనే ఉన్నాడు.