నేల ఎరుక లేని పావురం

మా ఆవిడ పల్టీ పావురాలు పెంచేది. బాగా ఎత్తుకు పోయి, ఉన్నట్టుండి వెనక్కి మొగ్గలు వేసుకుంటూ కొన్ని బారల దూరం జారి, మళ్లీ సర్దుకుని గుంపులో కలిసే పావురాలివి. తల్లాడలో వాళ్ల నాన్న దగ్గర నేర్చుకుంది. పెళ్లయి చండ్రుగొండ వచ్చేటప్పుడు ఒక జతను మూత గంపలో పెట్టుకుని తెచ్చింది. మా అమ్మ ఆ గంపను చూసి కోడిపెట్టలనుకుని సంతోషించిందట.

ముప్పై ఏళ్లకు పైగా ఆ పావురాలు మా డాబా మీద ఉన్నా నేను పట్టించుకున్నది తక్కువ. బడిలో తెలుగు చెప్పేవాణ్ని. పొద్దున పేపరు, సాయంత్రం పుస్తకం. పైనుంచి ఆమె కేకేస్తే నీళ్ల బకెట్ అందించి దిగి వచ్చేవాణ్ని. ఆమె పోయి ఈ వానాకాలానికి ఏడాది. ఇప్పుడు గూడు ఊడ్చేది నేనే. ఊడుస్తుంటే, ఆమె ఏ పని ఎందుకు చేసేదో ఆలస్యంగా అర్థమవుతోంది.

కష్టమంతా పిల్లలతోనే. మూడో నెలలోనో నాలుగో నెలలోనో పిల్లకు పల్టీ మొదలవుతుంది. మొదలవడం దాని చేతిలో ఉండదు. ఆగడం కూడా తొలినాళ్లలో ఉండదు. చాలావాటికి కొద్ది రోజుల్లోనే అదుపు వస్తుంది. కొన్ని మాత్రం చింతచెట్టు ఎత్తుకైనా పోకముందే పల్టీ అందుకుంటాయి. కింద రేకులున్నాయో బండలున్నాయో వాటికి పట్టదు. అలాంటి పిల్లను చూసి ఆమె, "దీనికింకా నేల ఎరుకైతలేదు" అనేది.

కొందరు అలాంటిదాన్ని కోసుకుని తినేస్తారు. ఆమె మాత్రం అది కొన్నాళ్లు ఎగరకుండా దాని తోక ఈకలు పీకేది. ఈక మొదలును వేలితో అదిమిపట్టి ఒక్కొక్కటే తిన్నగా లాగేది. కొత్త తోక వచ్చేదాకా దాన్ని గూట్లోనే ఉంచి, జొన్నలు ఒక పిడికెడు ఎక్కువ వేసి, రోజూ కాసేపు చేతుల్లో పట్టుకుని కూర్చునేది. చేతికి అలవాటైన పిల్ల బెదరదు, బెదరకపోతే నేల దగ్గర పల్టీ కొట్టదు అని ఆమె నమ్మకం. తోక వచ్చాక, గాలి లేని ఒక పొద్దున, పెద్ద పావురాలతో కలిపి వదిలేది. తలుపు తీసి పక్కకు తప్పుకునేది, అంతే. మా వైపు పావురాలను లేపాలంటే ఎవరైనా చప్పట్లు కొడతారు, ఈల వేస్తారు, కర్రకు గుడ్డ కట్టి ఊపుతారు. మా డాబా మీద అవేవీ ఉండేవి కావు.

ఆమె పోవడానికి రెండేళ్ల ముందు ఇటుక రంగు పిల్ల ఒకటి అలాగే తయారైంది. రెండుసార్లు ఎదురింటి రేకుల మీద పడింది. రెండోసారి ఎదురింటి కోడలే దాన్ని పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. వాళ్ల అత్తకు అంతకు నెల ముందు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. దవాఖానా మందులు నడుస్తున్నాయి. మందులెన్ని ఉన్నా పక్షవాతానికి పావురం కూర కావాలని మా వైపు గట్టిగా నమ్ముతారు.

"వదినా, ఇది ఎట్లయినా బతికేది కాదు గదా. మా అత్తకు వండిపెడ్త, ఇయ్యరాదు?"

"ఏంది, దీన్నా?"

"అవ్. ఒంట్లె వేడి పుడ్తదంట, నరాలు లేస్తయంట."

"దీనికే ఆగుడు రాదు. దీన్ని తింటే మీ అత్త మంచం మీంచి లేసి పల్టీలు కొట్టుకుంట ములకలపల్లి దాకా పోతది. పట్టుకొచ్చేటందుకు ఎవరు పోతరు, నువ్వా?"

కోడలికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నీకు నవ్వులాటనే. నోట్లె ముద్ద పెడ్తే పక్కకు కార్తాంది వదినా."

కోడలు వెళ్లాక నేను, "ఇచ్చెయ్యరాదూ. ఒక్క పిట్ట కోసం ఎదురింటివాళ్లతో మాటెందుకు" అన్నాను. మా ఆవిడ పిల్లను తీసుకుని డాబా ఎక్కింది. ఆ పూటే తోక పీకింది.

మర్నాడు సాయంత్రం పావురాన్ని కొంగులో పెట్టుకుని ఎదురింటికి బయలుదేరింది. ఏం చేస్తుందో చూద్దామని వెంట వెళ్లాను. గోడకు ఆనుకుని కూర్చున్న ముసలమ్మ కుడిచేతిని తీసి ఒళ్లో పెట్టి, వేళ్లు విప్పి, అందులో పావురాన్ని కూర్చోబెట్టింది.

"పెద్దమ్మా, వేడి కావాలన్నరంట గద. ఇగో, బతికున్న వేడి."

ముసలమ్మ దాన్ని వెనకా ముందూ చూసింది. "దీని తోకేదే?" అంది. మాట అర్థం కావడానికి మాకు కొంచెం సమయం పట్టింది.

"పీకిన."

"ఎందుకే?"

"నీ లెక్కనే. కొన్నాళ్లు కుదురుగ ఉండాల్నని."

ముసలమ్మ వంకరపోయిన మూతితోనే నవ్వింది.

నెలన్నర పాటు రోజూ అదే పని. చెయ్యి మాత్రం లేవలేదు. మాట కొంత తేటపడింది. పావురం వస్తేనే అన్నం తింటోందని, ఈకలు ఎన్ని మొలిచాయో లెక్కపెడుతోందని కోడలు చెప్పేది. కూర మాట మళ్లీ ఎత్తలేదు. "తోక రానీ పెద్దమ్మా, నీ మంచం బయట ఏయిస్త. అది పైన పల్టీ కొట్టి ఆగుడు నువ్వే చూద్దువు" అని మా ఆవిడ మాటిచ్చింది. ముసలమ్మ ఆ మాట పట్టుకుని కూర్చుంది. ఎప్పుడు, ఎప్పుడు అని అడిగేది.

తోక వచ్చాక, చలికాలంలో ఒక పొద్దున, ముసలమ్మ మంచం వాకిట్లో వేశారు. మా ఆవిడ ముసలమ్మ పక్కన ఉండాలనుకుంది. అందుకని మొదటిసారి గూటి తలుపు నాకు అప్పగించింది. "తలుపు తియ్యి. తీసి ఊకె నిలబడు" అంది.

తీశాను. పెద్ద పావురాలు లేచిపోయాయి. పిల్ల బయటికి వచ్చి పిట్టగోడ ఎక్కి కూర్చుంది. కూర్చునే ఉంది. పైన గుంపు దూరమైపోతోంది. కింద ముసలమ్మ మెడ ఎత్తి చూస్తోంది. ఇన్‌స్పెక్షన్ రోజున నేను చదువు చెప్పిన పిల్లవాడు లేచి నిలబడి నోరు విప్పకపోతే ఎలా ఉండేదో, నాకు అలా ఉంది. రెండుసార్లు చప్పట్లు కొట్టాను.

అది అదిరిపడి రోడ్డు వైపు లేచింది. కరెంటు స్తంభం ఎత్తు కూడా పోలేదు, పల్టీ అందుకుంది. ఒకటి, రెండు, మూడు. రేకుల అంచుకు తగిలి వాకిట్లో పడింది.

నేను దిగేసరికి మా ఆవిడ దాన్ని చేతుల్లోకి తీసుకుని ఉంది. రెక్క విరిగింది. ముసలమ్మ ఏమైందని అడిగింది.

"గాలి కొట్టింది పెద్దమ్మా" అంది మా ఆవిడ.

ఆ పొద్దున మునగాకు కూడా కదల్లేదు.

ఇంటికి వచ్చి చీపురు పుల్లలు తుంచి రెక్కకు కట్టు కట్టింది. ముడి బిగించాక అడిగింది.

"చప్పట్లు కొట్టినవా?"

"కొట్టాను."

"ఎందుకు?"

"కూర్చుండిపోయింది."

"కూసుంటే కూసుంటది. నీకేమాయె?"

నేను తిన్న చివాట్లు అంతే. రెక్క వంకరగా అతుక్కుంది. అది మళ్లీ ఎగరలేదు. ముసలమ్మ తన దగ్గరే ఉంచమంది. మంచం కింద గంపలో ఉండేది, వాకిట్లో తిరిగేది. అడిగిన ప్రతివాళ్లకూ ముసలమ్మ, "గాలి కొట్టింది" అనే చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్లేవాణ్ని.

మా ఆవిడ జబ్బు ఎక్కువ రోజులు సాగలేదు. ఆమె పోయాక నేను ఎదురింటికి వెళ్లడం మానేశాను. అబద్ధం నా కోసం ఆడింది. ఆడిన మనిషి లేదు. దాన్ని నేనొక్కణ్నే మోస్తున్నానని అనిపించేది. కిందటి నెల ఒక సాయంత్రం ఉండబట్టలేక వెళ్లాను.

"పెద్దమ్మా, ఆ రోజు గాలి కాదు. నేను చప్పట్లు కొట్టాను."

"ఎరుకే."

"ఆమె చెప్పిందా?"

"ఆమె ఎందుకు చెప్తది? నోరు వంకరపోయింది గని చెవులు పోలేదు గద బిడ్డా. రెండు మాట్లు కొట్టినవ్."

"మరి ఇన్నాళ్లూ అందరికీ గాలి అని ఎందుకు చెప్పావు?"

ముసలమ్మ నన్ను తెలివిలేనివాణ్ని చూసినట్టు చూసింది.

"నీ పెండ్లాం అన్నది గద. ఆమె గాలి అన్నంక గాలే."

ముసలమ్మ ఎడమచేత్తో మంచం కింద గంపను ముందుకు లాగింది.

"అండ్ల జొన్నలు అయిపోయినయ్. మీ ఇంట్ల ఉంటే రెండు పిడికిళ్లు తేపో."

ఇంటికి వచ్చి డబ్బా దించాను. జొన్నల్లో మట్టి ఉంది. చేటలో పోసి చెరిగి, తీసుకెళ్లి ఇచ్చాను.