అమ్మ చూడని సగం సినిమా

నిఖితా... నిన్న నా పోస్టు కింద "అమ్మమ్మా, మీ రోజులే హాయి, ఎంచుకునే గొడవే లేదు, ఏది వస్తే అది చూసేవాళ్లు" అని రాశావు. దానికి నలభై మంది లైకు కూడా కొట్టారు. నలభై ఒక్కరిదీ తప్పే.

మా చిన్నప్పుడూ గొడవ ఉండేది... ఏడాదికి ఒక్కసారే కాబట్టి శ్రద్ధగా పడేవాళ్లం.

మాది పటాన్‌చెరు దగ్గర ఊరు. నాన్న బొల్లారంలో మందుల కంపెనీకి షిఫ్టులకు వెళ్లేవాడు, అమ్మ పొలం చూసుకునేది. దసరాకు వారం ముందు నాన్న నన్నూ తమ్ముడినీ నిలబెట్టి అడిగేవాడు.

"బొమ్మలు కావాల్నా, డెక్కు కావాల్నా? రెండూ అంటే రెండూ బంద్."

డెక్కు అంటే వీసీఆర్. టీవీతో సహా ఒక రోజు కిరాయికి దొరికేది. తమ్ముడికి తాళం తిప్పితే ఉరికే కారు కావాలి. నాకు పడుకోబెడితే కళ్లు మూసే బొమ్మ కావాలి. అయినా ఇద్దరం డెక్కే అనేవాళ్లం... బొమ్మను మేమే చూస్తాం, డెక్కును వాడకట్టంతా వచ్చి చూస్తుంది. గొప్పలు పోవడానికి వయసుతో పనిలేదు.

పండుగ రోజు పొద్దున టీవీని బొంతలో చుట్టి ఆటోలో తెచ్చేవాళ్లం. కిటికీలకు దుప్పట్లు కట్టి అర్రను చీకటి చేసేవాళ్లం. మూడు క్యాసెట్లు. నానమ్మకొకటి, దేవుడి సినిమా. నాన్నకొకటి. మూడోది "ఆడోళ్లకు, పిల్లలకు"... అంటే అమ్మకూ మాకూ కలిపి ఒకటి. క్యాసెట్ల మీద పేర్లు చదివేది నేనే కాబట్టి నాన్నతో షాపుకు నన్నే పంపేవారు.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది, బయలుదేరుతుంటే అమ్మ పిండి చేతులతోనే వాకిట్లోకి వచ్చింది.

"బిడ్డా, గా గాజులమ్మే ఆమె పిక్చర్ తే. టూరింగ్ టాకీసుల సగమే చూసిన. మీ తమ్ముడు చంటోడు, ఒక్కతీరు ఏడ్సె... ఇంటర్వెల్ల లేచొచ్చిన."

"పేరేందమ్మా?"

"పేరెవలికెరుక! మొగడు అలిగి పట్నం పోతడు. ఆమెకు ఉత్తరమొస్తది. గది ఇప్పంగనే ఇంటర్వెల్. ఉత్తరంల ఏం రాసిండో జెర చూడాలె."

షాపులో ఈ నాలుగు ముక్కలు చెప్పగానే యజమాని చేయి చాపి ఆ క్యాసెట్ తీసి ముందు పెట్టాడు. దాని పక్కనే ఓ ఫైటింగ్ సినిమా ఉంది... మా క్లాసులో నేను తప్ప అందరూ చూసేశారు. నాన్న బయట ఆటోలో టీవీ సర్దుతున్నాడు. నేను ఫైటింగ్ తీసుకున్నాను.

"గా పిక్చర్ లేదంటమ్మా," అన్నాను ఇంటికొచ్చి.

"లేకుంటే లేకపాయె తియ్. నీకు నచ్చింది దొరికిందా మరి?"

ఆ రెండో మాట అనకుండా ఉంటే బాగుండేది.

అమ్మ అందరికీ ఉడికించిన శనగ గుడాలు పంచుతూ, గడప దగ్గర నిలబడే ఆ సినిమా చూసింది. హీరో పదిమందిని చితక్కొడుతుంటే "అయ్యో, గా పిలగాండ్లకు అమ్మలు లేరా?" అంది. వాడకట్టంతా నవ్వింది.

మరుసటి ఏడు మళ్లీ అడిగింది. తేవచ్చు... కానీ ఆ ఏడు ఇంకో ఫైటింగ్ సినిమా వచ్చింది. మూడో ఏడు ఆమె అడగలేదు. పాతికేళ్లు బడిలో పాఠాలు చెప్పాను, నా అంత సాఫీగా అబద్ధమాడే పిల్ల మళ్లీ కనిపించలేదు.

నాట్లు వేసేటప్పుడు తోటి ఆడవాళ్లు కథ చెప్పమంటే అమ్మ ఆ సగం సినిమానే చెప్పేది. పక్కింటి లక్ష్మమ్మ ఊరుకునేది కాదు.

"ఇంతకూ ఏమున్నదే ఉత్తరంల?"

"కంపెనీల నౌకరి దొరికిందంట, జల్దీ రమ్మన్నడు" అనేది ఒకరోజు. "ఇంకో పెండ్లి చేసుకున్నడంట. ఈమె ఉత్తరం పొయ్యిల పెట్టి, గాజుల గంప నెత్తిన పెట్టుకొని బేరానికి పోయింది" అనేది ఇంకోరోజు. ఓసారైతే "తెల్ల కాయితమే నే. రాయనీకె సిగ్గైంది పాపం" అంది. వంగిన నడుములు లేపి మరీ నవ్వారు. ఒక మడిలో చెప్పిన ఉత్తరం ఇంకో మడిలో ఉండేది కాదు. నేను గట్టు మీద కూర్చుని అన్నీ విన్నాను.

నాకు ఉద్యోగం వచ్చాక, ఇంటికి సొంత టీవీ, డెక్కూ వచ్చాక కూడా ఆ క్యాసెట్ తేలేదు. మర్చిపోయి కాదు... చూపిస్తే "అప్పుడెందుకు దొరకలేదే" అంటుందని. అమ్మ అలా అనదు. అనదని తెలిసే ఇంకా సిగ్గు.

అమ్మ పోయి పన్నెండేళ్లు.

మొన్న తెల్లాపూర్‌లో మీ ఫ్లాట్‌కు వచ్చినప్పుడు, మధ్యాహ్నం ఎవరూ లేని వేళ, ఆనాడు క్యాసెట్ మీద చదివిన పేరుతో ఫోన్‌లో వెతికాను. రెండు నిమిషాల్లో దొరికింది. గాజులామె ఉత్తరం విప్పింది... బుద్ధి వచ్చింది, క్షమించు, వస్తున్నాను అని రాశాడు. వచ్చాడు. అందరూ వరసగా నిలబడి నవ్వారు. శుభం.

అమ్మ మడిలో చెప్పిన ఒక్క ఉత్తరమూ అంత చప్పగా లేదు. ఆ మాట ఆమెకు చెప్పాలనిపించింది... ఎక్కడికెళ్లి చెప్పను?

ఆ సాయంత్రమే ఏం చూడాలా అని నువ్వూ మీ తమ్ముడూ ముప్పావు గంట కొట్టుకున్నారు. వాడికి కార్టూన్ కావాలి, నీకు కొరియా సీరియల్ కావాలి. వంటింట్లోంచి మీ అమ్మ "ఏదో ఒకటి పెట్టుండ్రి, నాకేదైనా ఒకటే" అంది. మీరిద్దరూ వెంటనే నమ్మేశారు. అంత సుఖమైన మాటను ఎవరు మాత్రం నమ్మరు?

చదువుతున్నవాళ్లూ... మీ ఇంట్లో ఎవరి సినిమా ఎప్పుడూ "దొరకలేదో" కింద రాయండి. ఆమె ఇంకా ఉంటే మాత్రం, ముందు ఆమెను అడిగి వచ్చి రాయండి.

నిఖితా, నీకు వేరే పని ఉంది. శనివారం ఏడు గంటలకల్లా మీ గేటు బయట కర్రీ పాయింట్‌కు వెళ్లి పప్పు, బెండకాయ వేపుడు తీసుకురా. అన్నం నేను వచ్చి వండుతాను. మీ అమ్మను ముందే సోఫాలో కూర్చోబెట్టి ఏం చూస్తావని అడుగు. ఏదైనా సరే అంటే ఒప్పుకోకు, రెండోసారి అడుగు, మూడోసారీ అడుగు. వచ్చేటప్పుడు పెరుగు పాకెట్ కూడా పట్టుకురా... దాని మీద తేదీ చూసి తీసుకో.