మునిగిన సబ్‌మెరైన్ ఫోటో

మా ఆవిడకి నా మీద అనుమానం వైజాగ్ బీచ్‌లోనే రావలసింది. సెలవు మీద వెళ్ళినప్పుడు, ఒడ్డున ఇసుక మీద నిలబెట్టి జనానికి చూపించే పాత సబ్‌మెరైన్ పక్కన ఆవిడని నిలబెట్టి నలభై ఫోటోలు తీశాను. ముక్కు దగ్గర, తోక దగ్గర, నడుమ. పెళ్ళయిన ఆరేళ్ళకి మొగుడికి ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందని మురిసిపోయి, ఫోటో ఫోటోకీ కుచ్చిళ్ళు సర్దుకుంది. దోహా తిరిగొచ్చాక ఆ ఫోటోల మీద స్కేలు పెట్టి, "నీ ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు కదా? చెప్పులతో కలిపా, విడిగానా?" అని అడిగాను. అప్పుడు బయటపడింది, అన్ని ఫోటోల్లోనూ ఆవిడ నా కొలబద్ద అని. నాలుగు రోజులు మాటల్లేవు. కొలతలు మాత్రం సరిగ్గా కుదిరాయి.

అప్పట్లో మేం దోహాలోని అల్ మన్సూరాలో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నూనె, గ్యాసు డబ్బుతో ఊరు పొంగుతున్న రోజులు, ఏ కిటికీ తీసినా ఒక క్రేను కనపడేది. నేను కంపెనీ ఆఫీసులో పైపుల డ్రాయింగులు గీసేవాణ్ణి. ఏళ్ళ తరబడి ఊళ్ళోవాళ్ళ పైపులన్నీ గీసి గీసి, ఒక్క పైపైనా నాదనేది ఉండాలన్న కోరిక పుట్టింది. డబ్బాలో ముక్కలు కొనుక్కొచ్చి అతికించుకునే బొమ్మ కాదు. మూడడుగుల పొడవున, ప్రతి ముక్కా చేత్తో చేసి, నిజంగా నీళ్ళలో మునిగి మళ్ళీ తేలే సబ్‌మెరైన్ కావాలి. నాకు మొండితనం కాస్త ఎక్కువని మా వాళ్ళంటారు. ఆ 'కాస్త' అనడం వాళ్ళ మర్యాద.

మా సైట్‌లో ఒక పైప్ ఫిట్టర్ ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. పారేసే నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఉంటే ఇప్పించమని అడిగాను.

"ఇంట్ల డ్రైనేజ్ జామైందా సార్?"

"కాదు. సబ్‌మెరైన్ చెయ్యాలి."

ఆయన ఒకసారి పైపు వంక, ఒకసారి నా చేతుల వంక చూశాడు. "గిది మీతోని అయ్యే పని గాదు సార్. శుక్రారం నేనొస్త," అన్నాడు.

అలా ప్రతి శుక్రవారం లేబర్ క్యాంప్ నుంచి బస్సెక్కి మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మా ఆవిడని చెల్లె అనేవాడు, ఆవిడ అన్నయ్యా అనేది. నాకు అడిగినా పడని పప్పూ, నెయ్యీ ఆయనకి అడక్కుండానే పడేవి. మా డైనింగ్ టేబుల్ మాత్రం ఏడాదిన్నరపాటు అన్నం మొహం చూడలేదు. మేం కింద కూర్చుని తిన్నాం, సబ్‌మెరైన్ టేబుల్ మీద పడుకుంది. పెన్ను రీఫిల్ గొట్టం పెరిస్కోప్ అయింది, దగ్గు మందు సీసాల మూతలు టార్పెడో తలుపులయ్యాయి. పక్క పొడుగునా పైతొడుగుకి ఉండే నీటి బెజ్జాలు మూడొందల పన్నెండు, ఒక్కొక్కటీ సోల్డరింగ్ కాడతో నేనే కాల్చి పెట్టాను. ఇత్తడి రేకు అరగదీసి ఫ్యాన్ రెక్కలు ఆయన చేశాడు. నేను నున్నగా ఉందనుకున్న చోట ఆయన బొటనవేలు నడిపి, "గీడ పొక్కున్నది సార్," అనేవాడు. వేలు పెట్టి చూస్తే నిజంగానే ఉండేది. నాకు ఒళ్ళు మండేది.

మునగడానికి మేం వేసిన ఉపాయం చిన్నదే. పొట్టలో ఒక బుల్లి ట్యాంకు, దాని అడుగున బెజ్జం. చేపల తొట్టెలకి వాడే సన్నటి గొట్టం ట్యాంకు నుంచి బయటికొస్తుంది, దాని చివర పెద్ద సిరంజి. సిరంజి లాగితే గాలి బయటికొచ్చి నీళ్ళు లోపలికి పోతాయి, సబ్‌మెరైన్ మునుగుతుంది. తోస్తే నీళ్ళు పోయి తేలుతుంది. పై మూత దగ్గర నీళ్ళు కారకుండా మా ఆవిడ కుక్కర్ గాస్కెట్ కోసి అతికించాను. చెప్పకుండానే. ఆ పూట పప్పు ఉడకలేదు, నా పప్పు కూడా ఉడకలేదు.

ఇంతలో ఫిట్టర్ ఒక శుక్రవారం డీలాగా వచ్చాడు. "క్యాన్సిల్ మీద పోతున్న సార్. ఎల్లుండి గాక ఆపై ఐతారం ఫ్లైటు." క్యాన్సిల్ అంటే ఇక తిరిగి రావడం ఉండదు. ఆ ఆదివారానికి పది రోజులు కూడా లేవు.

"ఊళ్ళె చెప్పిన సార్, నేను సబ్‌మెరైన్ చేస్తున్న అని. మా బామ్మర్ది ఫోన్ల ఒకటే నవ్వుడు. ఆనికి గల్ఫంత దుబాయే, దుబాయిల పైపులేసెటోడు సబ్‌మెరైన్ చేసుడేందంటడు. అది మునిగిన ఫోటో ఒక్కటి నా చేతుల వడితె సాలు. పద్దెనిమిదేండ్లు ఈడ చేసిందంతా ఎవలెవల్దో, నేను సూపెట్టుకునేటందుకు ఏం లేదు."

వచ్చే శుక్రవారం ముంచి తీరతానని మాటిచ్చేశాను.

ఇక్కడే నా వైజాగ్ బుద్ధి అడ్డం పడింది. ముందు పరీక్ష ఆ పూటే బాత్‌టబ్‌లో చెయ్యాలి, మంచినీళ్ళలో కాదు, సముద్రపు నీళ్ళలో. ఉప్పు ఎంత వెయ్యాలో పుస్తకం చూడాలా? సముద్రం పక్కన పుట్టిన వాణ్ణి, చిన్నప్పట్నుంచీ అలలు మింగినవాణ్ణి. ఆవకాయకి దాచిన రాళ్ళ ఉప్పు టబ్‌లో పోసి కలుపుతూ, అరచేత్తో రుచి చూస్తూ పోయాను. నాలుగో డబ్బాకి నాలుక ఒప్పుకుంది. అచ్చంగా మా బీచ్ రుచే.

"గిక్కడి సముద్రం వేరేనేమో సార్," అన్నాడు ఫిట్టర్.

"సముద్రం గురించి నాకు చెబుతావా?" అన్నాను.

ఆయన సీసం గుళ్ళు అందుకున్నాడు. ఆ నీళ్ళకి తగ్గట్టు వాటిని సబ్‌మెరైన్ పొట్టలో నింపి తూకం సరిచేశాం. సిరంజి లాగితే బుద్ధిగా మునిగింది, తోస్తే బుద్ధిగా తేలింది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఆవకాయ పోతేపోయింది, స్నానాలైనా చేయనిస్తారా?" అంది.

మరుసటి శుక్రవారం పొద్దున్నే ముగ్గురం ఊరికి ఉత్తరాన ఖోర్ వైపు సముద్రపు ఒడ్డుకి వెళ్ళాం. వెనక సీటులో ఫిట్టర్ ఒళ్ళో సబ్‌మెరైన్, డిక్కీలో మా ఆవిడ టమాటా బాత్ చేసి కుక్కర్‌తో సహా పెట్టేసిన మూట. తొడల్లోతు నీళ్ళలో సబ్‌మెరైన్‌ని వదిలాను. ఫిట్టర్ సిరంజి లాగాడు. అది కదల్లేదు. మళ్ళీ తోసి, మళ్ళీ పూర్తిగా లాగాడు. నల్లటి వీపంతా బయట పెట్టుకుని, ఎండ కాచుకుంటున్న గేదెలా హాయిగా తేలుతోంది. చేత్తో నొక్కితే మునుగుతుంది, వదిలితే పైకొస్తుంది. అరగంట గడిచింది. గొట్టం మీద, సిరంజి మీద, సిరంజి అమ్మినవాడి మీద అరిచాను.

మా ఆవిడ కెమెరా ఎత్తి, "పోనీ ఇలాగే ఒక ఫోటో తియ్యనా అన్నయ్యా? ఎంత బాగుందో," అంది.

"తేలేటిది పడవ గద చెల్లె. పడవ ఫోటో నాకెందుకు?" అన్నాడు. మొహంలో నవ్వు లేదు. ఆ మనిషి మొహం చూడలేక నేను అటు తిరిగాను. తర్వాత ఆయన వంగి దోసెడు నీళ్ళు నా వైపు చాపాడు. "జర నోట్ల వోసుకొని సూడుండ్రి సార్."

పోసుకున్నాను. మా బీచ్ నీళ్ళు దీని ముందు మజ్జిగ. నీళ్ళలో ఉప్పు పెరిగితే ఏదైనా ఎక్కువ తేలుతుందని పదో తరగతిలో చదివిన పాఠం, ఆ చేదు నాలుక మీద ఉండగా గుర్తొచ్చింది. కావలసింది ఇంకొంచెం బరువు, ఒక గుప్పెడు. సీసం గుళ్ళేమో ఇంట్లో ఉన్నాయి.

"తప్పు నాదే," అన్నాను. మా ఆవిడ పెళ్ళయ్యాక నా నోట ఆ మాట వినడం అదే మొదటిసారట. బహుశా ఆ సంతోషంలోనే కాబోలు, గబగబా ఒడ్డుకి నడిచి కుక్కర్ మీది విజిల్ పీకి తెచ్చింది. "గాస్కెట్ ఎలాగూ మీ దాంట్లోనే ఉంది. ఇంక నా కుక్కర్‌లో మిగిలింది గిన్నె ఒక్కటే," అంటూ చేతిలో పెట్టింది. బరువు ముచ్చటగా ఉంది. ఒడ్డుకి తెచ్చి, తుడిచి, మూత తీసి, సరిగ్గా నడుమ పెట్టి మూశాం.

ఫిట్టర్ మెల్లగా సిరంజి లాగాడు. ముందు వీపు పోయింది. తర్వాత దాని మీది టవరు. పెరిస్కోప్ ఒక్క క్షణం నిలబడి, అదీ పోయింది. ఎండ మెరుపు తప్ప నీళ్ళ మీద ఏమీ లేదు.

"చెల్లె, కొట్టు ఫోటో!" అని అరిచి, లుంగీ పైకి ఎగ్గట్టిన ఆయన ఆ ఖాళీ నీళ్ళ వైపు వేలు చూపిస్తూ ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. మా ఆవిడ తీసింది. ఆ తర్వాత సిరంజి తోస్తే అది పైకొచ్చింది కూడా. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను. టమాటా బాత్‌లో ఆ రోజు ఉప్పు తగ్గింది. అయినా గిన్నె ఖాళీ అయింది.

మర్నాడు మన్సూరాలో స్టూడియో అతను ఫోటో ప్రింటు తీసి, ఇందులో ఏదో పడాల్సింది పడలేదే అన్నాడు. ఫిట్టర్ దాన్ని పాస్‌పోర్టుతోపాటు కవరులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రెండు నెలలకి ఊరి నుంచి ఫోన్ చేశాడు. ఫోటోకి ఫ్రేం కట్టించి గోడకి పెట్టాడట.

"మీ బావమరిది ఏమన్నాడు?" అని అడిగాను.

"ఏమంటడు సార్, గిండ్ల నీళ్ళే ఉన్నయి గద, నువ్వు చేసిందేది అన్నడు."

"మరి నువ్వేం చెప్పావు?"

"కనవడ్తలేదు గద, అంత మంచిగ చేసినం అన్న."