గాజు పలక మీద కుడి మూల

మొన్న మనవరాలి పుట్టినరోజు నాడు ఫోన్‌తో అందరినీ ఫోటో తీస్తూ మా కోడలు, అంచున ఉన్నవాళ్ళు లావుగా వస్తారు, లోపలికి జరగండి అంది. అందరూ నవ్వుతూ జరిగారు. నాకు మాత్రం నాచారంలో మా ఫ్యాక్టరీ చివరి రోజుల్లో నేనొకావిడను జరిపిన సంగతి గుర్తొచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను అక్కడ గుమాస్తాను. ఉప్పల్‌లో ఫోటో స్టూడియో నడిపే మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. లోకమంతా డిజిటల్ వైపు పరుగెడుతుంటే ఆయన మాత్రం నల్లగుడ్డ కప్పుకుని చూసే పెద్ద పెట్టె కెమెరాను కన్నబిడ్డలా తుడుచుకునేవాడు. ఫ్యాక్టరీ మూతపడుతోందని తెలిసి, అందరం కలిసి ఒక ఫోటో దిగాలనుకున్నప్పుడు ఆ కెమెరాతోనే తీద్దామని పట్టుబట్టింది నేనే. ఆవరణ ఇరుకు, మనుషులు ఎక్కువ, వెనక్కి జరుగుదామంటే గోడ, కాబట్టి వైడ్ లెన్సు తప్పదు.

మామ దగ్గర అలాంటివి రెండుండేవి, రెండూ నాకంటే వయసులో పెద్దవే. ఇత్తడిది ముఖాల్ని చెక్కినట్టు చూపించేది గానీ నాలుగు మూలలూ చీకటి చేసేది. నల్లది మూలల దాకా వెలుగు పరిచేది, కాకపోతే లోపలి గాజు కాస్త పక్కకు జరిగిందేమో, ఒక్క మూల మాత్రం పొగ కమ్మినట్టు వచ్చేది. ఓ ఆదివారం పొద్దున్నే స్టూడియో గోడ నిండా దినపత్రికలు అంటించి, లెన్సులు మార్చి మార్చి, కెమెరా వెనక గాజు పలక మీద పడే అక్షరాల్ని భూతద్దంతో చదివాం. ముఖాలు ఎవడైనా చూస్తాడు, నువ్వు మూలలు చూడరా అనేవాడు మామ. ఆ వింతలో పడి నాకు మధ్యాహ్నం అన్నం సంగతే గుర్తులేదు. చివరికి నల్లదే ఖాయం చేసి, పొగ మూల పలక మీద కుడివైపు పైన ఉందని కాగితం మీద రాసుకున్నాను. ఆ చోట ఎవరినీ కూర్చోబెట్టకుంటే సరిపోతుంది.

మా క్యాంటీన్‌లో చాయ్ కాచే పెద్దమ్మది నాచారమే, మా ఫ్యాక్టరీ షెడ్డు కట్టిన నేల ఒకప్పుడు వాళ్ళ జొన్నచేను. ఆ రోజు కొత్త చీర కట్టుకొచ్చి, ముందు వరుసలో, కెమెరా వైపు నుంచి చూస్తే కుడి చివర కూర్చుని, "మూలకే ఉంట బిడ్డా, గని జర మంచిగ రావాలె. మా చేన్ల నేనున్న ఫోటో ఒక్కటి గూడ లేదు" అంది.

నాకు కాగితం గుర్తొచ్చింది. పలక మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది గనక పైనున్న పొగ నిజానికి కింద ఉండాలి, అంటే కుడివైపు కింద, సరిగ్గా ఆమె కూర్చున్నచోటే! నా తెలివికి నేనే మురిసిపోతూ ఆమెను లేపి ఎడమ చివరకు మార్చాను. వైడ్ లెన్సుతో పలక మూలలు ఎలాగూ మసకగానే ఉంటాయి, నల్లగుడ్డలో దూరిన మామకూ తెలియలేదు. ఆ కెమెరాలో ఒక ఫిల్ముకు ఒకే ఫోటో, ఆయన దగ్గర మిగిలింది ఒకటే ఫిల్ము.

ఆ పలక మీద పైకిందులే కాదు, కుడిఎడమలు కూడా మారతాయన్నది నేను మరిచాను. ఫోటోలో అందరి చొక్కా గుండీలు కూడా తేటగా వచ్చాయి, పెద్దమ్మ ఉన్నచోట మాత్రం పొగ. ఆమె దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "గిది నేనేనా బిడ్డా?" అంది. అవునన్నాను. "పోనీ తియ్యి, చాయ్ ఆవిరి లెక్క ఉన్న" అని నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ తీయిస్తానన్నాను గానీ, ఫిల్ము దొరికేలోపే షెడ్డు పడగొట్టేశారు.

ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. ఈనాటి ఫోన్లు మూలల్ని వాటంతటవే సరిచేస్తాయట, తప్పొస్తే మరుక్షణం ఇంకోటి తీసుకోవచ్చు. మన కాలానికి ఆ సుఖం లేదు. పెద్దమ్మ అడిగింది ఒక్క ఫోటో. కూర్చున్నది కూడా సరైన చోటే. లేపింది నేను.